గాజుగొట్టం శ్రుతి

మామగారి మీద సుమియెకున్న ఫిర్యాదులన్నీ చెప్పుకుంటూ పోతే, పచ్చడి తొట్టిలో వేసిన ముల్లంగి ఊరి, తినడం కూడా అయిపోయి, మళ్లీ కొత్తది వేసే వేళవుతుంది. గెంజోగారు స్నానానికి అందరికంటే ముందు దిగుతారు, అందరికంటే ఆఖర్న లేస్తారు, లేచి "నీళ్లు ఇంత చల్లగా ఉన్నాయేమిటమ్మాయ్" అని అడుగుతారు. రేడియో స్క్రూలు పులుసుగిన్నెలో దాస్తారు. పులుసులోని చేపముళ్లను స్క్రూల డబ్బాలో వేస్తారు. ఇవన్నీ ఆవిడ ఎప్పుడో క్షమించేసింది. క్షమించలేనిది ఒక్కటే. బుద్ధెరిగిన నాటినుంచి "నాది తప్పు" అన్న మాట ఆయన నోట ఒక్కసారీ వచ్చిన పాపాన పోలేదు. మీ అత్త ఆ మాట వినాలని చూసి చూసి, ఇక లాభం లేదని కళ్లు మూసుకుందని సుమియె మొగుడు షింగో అంటూ ఉంటాడు. అత్తగారి ఫొటో చూస్తే అది నిజమేననిపిస్తుంది.

గెంజోగారు వయసులో ఉన్నప్పుడు ఒసాకాలో నియాన్ బోర్డులు చేసేవారు. గాజుగొట్టాన్ని మంటమీద మెత్తబరిచి, ఊదుతూ వంచి, లోపల గాలి తీసేసి వాయువు నింపి, కరెంటు ఎక్కించి వెలిగించే పని. ముసలితనంలో సాదో దీవికి, పుట్టిన రేవుకి తిరిగొచ్చాక ఆ చేతులు ఊరుకోలేదు. ఊళ్లో నియాన్ బోర్డు పెట్టుకునే కొట్టు ఒక్కటీ లేదు. అందుకని ఆయన ఇంటి కప్పుమీదున్న రేడియో యాంటెన్నా మీద కన్నేశారు.

"ఇనపకడ్డీ ఎందుకే? ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. చలికాలం పిడుగులు వెతుక్కుంటూ వచ్చి దానిమీదే పడతాయి. అదే నా గొట్టమనుకో, వెలిగించినంతసేపూ లోపలి వాయువు తీగతో సమానం. దాంతోనే వినొచ్చు, దాంతోనే మాట్లాడొచ్చు. ఆర్పేశావా, ఉత్త గాజు. లేనట్టే. లేనిదాని మీద పిడుగెలా పడుతుంది?"

వాదన బాగానే ఉంది. పనీ బాగానే చేసింది. కప్పుమీద ఎర్రగా వెలిగే ఆ నిలువు గొట్టంతో సుమియె వంటింట్లో కూర్చుని, స్క్విడ్ వేటకెళ్లిన షింగోతో నిక్షేపంగా మాట్లాడేది. చిక్కల్లా ఒక్కటే. అది వెలిగినంతసేపూ రేవులో ప్రతి పడవ రేడియోలోనూ, చేపలవాళ్ల సంఘం రేడియో గదిలోనూ "గుంయ్…" మని రొద.

"నా గొట్టం రొద చెయ్యదు. మీ చెవుల్లోనే గుబిలి ఉంది" అన్నారు గెంజోగారు. ఏడాదిగా అదే మాట. రొద భరించలేక జనం గోల పెడితే "ఆర్పేశాను గదయ్యా" అనేవారు, గొట్టం నెత్తిమీద ఎర్రగా వెలుగుతుండగానే. ఇంటింటికీ తీపి డబ్బా పట్టుకెళ్లి వంగి క్షమాపణ చెప్పే పని మాత్రం కోడలిది. ఊళ్లోవాళ్లకి ఆ రొదకంటే ఆ తీపిడబ్బాలే అలవాటైపోయాయి.

షింగో పుట్టినరోజుకి ఆయన అలాంటి గొట్టమే ఇంకోటి చేసి, పడవ మీద బిగించుకోమని ఇచ్చారు. షింగో దాన్ని మిసాగో అనే తన పడవ కేబిన్లో దీపంలా వేలాడదీశాడు. ఆ ఎర్రవెలుగులో తింటే వట్టి గంజి కూడా విందుభోజనంలా ఉంటుందన్నాడు.

"అది దీపం కాదురా వెధవా, యాంటెన్నా!" అన్నారు తండ్రి.

"నాన్నా, నీ గాజుగొట్టంలో మాట్లాడేకంటే ఈదుకుంటూ ఇంటికొస్తా."

ఆ పూట ముగ్గురూ నవ్వారు. గెంజోగారు కొంచెం తక్కువ నవ్వారు.

*

ఇప్పుడు ఆ మాటే సుమియె గుండెల్లో రాయిలా కూర్చుంది.

నిన్న మధ్యాహ్నం పడవలన్నీ వేటకెళ్లాయి. వెళ్లిన కాసేపటికి సంఘంలో రేడియో చూసే కుమే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. షింగోతో బడిలో చదువుకున్నవాడు, మామూలుగా నవ్వుమొహంవాడు. నిన్న నవ్వలేదు. "వదినా, రాత్రికి గాలి తిరిగేట్టుంది. నేను పడవలకి హెచ్చరిక చెప్తుంటే మీ మామగారి గుంయ్‌మనడంలో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి. దణ్ణం పెడతా, ఏదో ఒకటి చెయ్యి."

సుమియె ఏదో ఒకటి చేసింది. మామగారు స్నానంలో ఉండగా, గొట్టానికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి, గుడ్డలో చుట్టి, ఖాళీ పచ్చడి తొట్టిలో పెట్టి, మూతమీద బండరాయి ఎత్తింది. ఆ తొట్టి జోలికి మగవాడెవడూ వెళ్లడు, ఆ రాయి ఎత్తడం ఆడవాళ్ల పని. లోలోపల కాస్త గర్వపడింది కూడా. దాంతో తన ఇంటికే చెవుడొస్తుందన్న ఆలోచన ఆవిడకి రాకపోలేదు. ఒక్క రాత్రే కదా, పడవల మాట సంఘంవాళ్లు వింటారు కదా అనుకుంది.

తెల్లవారేసరికి మంచూ ఉరుమూ కలిసి పడుతున్నాయి. బురి చేపల్ని నిద్రలేపే ఉరుములని ఇక్కడివాళ్లు సంబరపడే ఉరుములే. ఈసారి చేపల సంగతి ఎవరూ ఎత్తలేదు. పడవలన్నీ తిరిగొచ్చాయి, మిసాగో రాలేదు. ఆఖరిసారి షింగో గొంతు విన్నది పక్క పడవవాడు. పెద్ద అల కొట్టి యాంటెన్నా విరిగేట్టుందని అంటుండగానే మాట తెగిపోయిందట.

గాలింపుకి వెళ్లడానికి రెండు పెద్ద పడవలు ఇంజన్లు నడుపుకుంటూ రేవు గోడ చాటున నిలబడ్డాయి. వెళ్లడానికి వాళ్లకి భయం లేదు. ఎటు వెళ్లాలో తెలీదు. అంత సముద్రంలో దిక్కు తెలియకుండా వెళితే రాత్రికి మూడు పడవల్ని వెతకాల్సొస్తుంది.

పడవ రానప్పుడు ఆ ఇంటి ఆడది రేవుకి వెళ్లకూడదు, ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసుకోవాలి. పక్కిళ్లవాళ్లు సంఘంలో అన్నం ముద్దలు చేస్తుంటే సుమియె ఇక్కడ మొగుడి చోట పీట వేసి భోజనం వడ్డించింది. దూరాన ఉన్నవాడికి ఇంట్లో విస్తరి వేస్తే ఆకలితో ఉండడంటారు. పులుసుగిన్నె మూత ఎత్తితే లోపల నీటిబొట్లు కనబడాలి. కనబడితే మనిషి క్షేమం. సుమియె కాలేజీలో చదువుకుంది. వేడిపులుసు మీద మూతపెడితే బొట్లెందుకు పడతాయో ఆవిడకి తెలుసు. తెలుసు గనకే పులుసుని కుతకుతా మరిగించి పోసింది. చల్లారకముందే తీసేసి మళ్లీ మరిగించి పోస్తోంది. మోసమే. కానీ ఎవరిని మోసం చేస్తోందో అడిగేవాళ్లు లేరు. మూత ఎత్తిన ప్రతిసారీ బొట్లున్నాయి, ఎత్తేముందు ప్రతిసారీ మొక్కుకుంది.

వెనకగదిలో గెంజోగారు అలమరల్లో తల దూర్చి వెతుకుతున్నారు. "నా ట్రాన్స్‌ఫార్మర్ ఏదీ? వాడు నన్నే పిలుస్తుంటే? మనిల్లు చెవిటిదై కూర్చుంటే ఎలా?" పాత ఇనపకడ్డీ ఉంటే దాన్నే పెట్టుకునేవారు. దాన్నెప్పుడో ముక్కలు కోసి గొట్టానికి కొక్కేలు చేశారు.

చెప్పేద్దామనుకుంది సుమియె. నోరు తెరిచింది కూడా. అంతలో ఫోన్ మోగింది.

"వదినా!" కుమే గొంతు బొంగురుపోయింది. "ఇవాళయినా ఆ దిక్కుమాలిన గొట్టం ఆర్పించు! షింగో ఒక్క ముక్క మాట్లాడినా పట్టుకుందామని చెవులు రిక్కించుకుని కూర్చుంటే పొద్దుట్నుంచీ గుంయ్, గుంయ్! విసుగొచ్చి పడవలవాళ్లు సెట్ల సౌండ్ తగ్గించేసుకున్నారు. కొడుకు సముద్రంలో ఉంటే ఈయనకి ఆటలా?"

"ఆరే ఉంది, కుమే గారూ."

"ఏడాదిగా ఆయనా అదే చెప్తున్నాడు."

"ఈసారి నిజంగా ఆరి ఉంది."

"'ఈసారి నిజంగా' అని కూడా ఆయనే అంటాడు వదినా!"

సుమియె కిటికీలోంచి తల బయటపెట్టి కప్పువైపు చూసింది. గాజుగొట్టం మంచులో బూడిదరంగుగా, వెలుగూ జీవమూ లేకుండా నిలబడి ఉంది.

"కుమే గారూ, ట్రాన్స్‌ఫార్మర్ నేనే దాచాను. నిన్న సాయంత్రమే. పచ్చడి తొట్టిలో, రాయి కింద. మా గొట్టం వెలిగే దారే లేదు."

వెనకగదిలో చప్పుడు ఆగిపోయింది. గెంజోగారు గుమ్మంలోకొచ్చారు. తెల్లవెంట్రుకల నిండా బూజు.

"ఏమన్నావ్?"

"తర్వాత తిడుదురుగాని మామయ్యగారూ. ముందిది వినండి." ఆవిడ ఫోన్ ఆయన చెవికి ఆనించి, తన చెవి కూడా పక్కనే పెట్టింది. "కుమే గారూ, ఆ రొదని మాకు వినిపించండి."

కుమే ఏదో గొణుగుతూనే ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టాడు. ముందు వాన చప్పుడులాంటి గరగర. తర్వాత, సన్నగా, ఎక్కడో సీసాలో కందిరీగ చిక్కుకున్నట్టు, గుంయ్… ఆగింది. మళ్లీ గుంయ్.

గెంజోగారి మొహం పాలిపోయింది.

"ఇది మనది కాదు. ఇది ఒసాకా శ్రుతి" అన్నారు మెల్లగా.

సుమియెకి విప్పి చెప్పక్కర్లేకపోయింది. దేశానికి తూర్పుసగంలో కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది, ఒసాకా ఉన్న పడమటిసగంలో అరవైసార్లు. ఆవిడ ఒసాకా పుట్టింటినుంచి తెచ్చుకున్న రికార్డ్ ప్లేయర్ ఈ దీవిలో నీరసంగా తిరిగి, ప్రేమపాటల్ని చావుపాటల్లా పాడేది. చివరికి షింగో దాన్ని పడవలోకి తీసుకెళ్లాడు. పడవ జనరేటర్‌ది పడమటి ఊపు. అక్కడది బ్రహ్మాండంగా పాడింది. ఇంట్లో గొట్టం వెలిగితే లావుపాటి గుంయ్. పడవలో వెలిగితే సన్నపాటి గుంయ్.

ఈదుకుంటూ వస్తానన్నవాడు దీపాన్ని కేబిన్‌లోంచి పీకి విరిగిన యాంటెన్నా చోట కట్టాడు. ఆ రొదలో మాట మునిగిపోతోంది గానీ, మనిషున్నాడు. మాట్లాడదామని రేడియో మీట నొక్కుతున్నాడు, వదులుతున్నాడు.

"వాడే! ఒరేయ్ కుమే, అది నా కొడుకు! ఆ దిక్కుకి పంపరా పడవల్ని!" గెంజోగారు అరిచారు.

"పెద్దాయనా, ఆగండి. మీది కాదని మీకెలా తెలుసు?"

"మాది ఇంకా లావుగా ఉంటుంది."



"మీది అసలు రొదే చెయ్యదన్నారుగా" అన్నాడు కుమే. ఎగతాళికి కాదు. అరిచి అరిచి అలసిపోయిన గొంతది. "ఏడాదిగా రేవంతా విన్నది ఆ ముక్కే. ఇప్పుడీ గుంయ్‌ని నమ్ముకుని జనాన్ని ఆ అలల్లోకి పంపమంటారా? వాళ్లకీ పెళ్లాలున్నారు పెద్దాయనా. మీ గొట్టానికి గొంతే లేదన్నప్పుడు, లావేమిటి, సన్నమేమిటి?"

గెంజోగారి నోరు తెరుచుకుంది, మూసుకుంది. ఒడ్డున పడ్డ చేపని సుమియె చాలాసార్లు చూసింది. ఇంట్లో చూడడం ఇదే మొదలు.

"అంటే… చలి ఎక్కువైనప్పుడు… గాజు కాస్త… పాడినట్టు…"

"ఏమిటీ?"

"పాడుతుందిరా కొంచెం!"

"లావుగా?"

"లావుగా!"

అది తప్పొప్పుకోవడం కాదు, ఒక పన్ను ఊడిరావడం. కానీ కుమేకి ఆ పన్ను చాలు. రొద ఏ దిక్కునుంచి వస్తోందో చెప్పే యాంటెన్నా చక్రాన్ని తిప్పుతున్న కిర్రుమనే చప్పుడు ఫోన్లో వినబడింది. "వాయవ్యం… ఇంకాస్త ఉత్తరం… పెద్ద పడవలూ, వింటున్నారా, సెట్లు పెంచండి, ఆ గుంయ్ షింగోది! మీ దిక్కు యాంటెన్నాలు దానికేసి తిప్పుకుని వెళ్లండి!" గోడచాటు ఇంజన్ల హోరు ఇక్కడికే తెలిసింది.

గెంజోగారు వంటింటికేసి పరిగెత్తారు. పచ్చడి తొట్టి మీది బండరాయిని ఎవరి సాయమూ లేకుండా ఎత్తేసి, ట్రాన్స్‌ఫార్మర్‌ని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని వచ్చారు. "వెలిగిస్తా. వాడితో నేనే మాట్లాడతా."

"వద్దు!" సుమియె గుమ్మానికి అడ్డం నిలబడింది. "మీది వెలిగితే ఆయనది వినబడదు. పెద్ద రొదలో చిన్న రొద పోతుంది. మీరే చెప్పారుగా, ఆర్పేస్తే లేనట్టేనని? ఇవాళొక్కరోజు లేకుండా ఉండాలి మామయ్యగారూ."

ఆయన ఆ ఇనపపెట్టెని నేలమీద పెట్టి, దాని పక్కనే కూలబడ్డారు.

మొదటి పడవ రేవు దాటింది. ఫోన్ బల్లమీద పడి ఉంది, దాంట్లోంచి గరగరా గుంయ్‌లూ వస్తూనే ఉన్నాయి. సుమియె పులుసు మళ్లీ మరిగించి గిన్నెలో పోసింది. మూత పెట్టింది. గుంయ్… గుంయ్… తర్వాత చాలాసేపు గరగరే. మళ్లీ ఒక చిన్న గుంయ్, సగంలో తెగిపోయింది.

"వదినా." కుమే గొంతు మారింది. "నొక్కడం తగ్గిపోతోంది. చలికి వేళ్లు తిరగట్లేదో, నిద్ర ముంచుకొస్తోందో. వాడు నొక్కకపోతే పడవలకి దారి పోతుంది. నేనెంత పిలుస్తున్నా లాభం లేదు. ఆ సెట్లో వాడికి మన మాట వినబడుతుందనే అనుకుంటున్నా, నేనొక ప్రశ్న అడిగితే వెంటనే నొక్కాడు ఇందాక. ఏదన్నా చెప్పు వదినా. నీ ఫోన్ని మైకు దగ్గర పెడతా. వాడు మెలకువగా ఉండేట్టు ఏదన్నా."

సుమియె ఫోన్ తీసుకుంది. "ఏమండీ" అంది. అన్నం వడ్డించానంది. పులుసు వేడిగా ఉందంది. గరగర. ఇంటికి రండి అంది. గరగర.

ఆవిడ ఫోన్‌ని అరచేత్తో మూసి మామగారివైపు తిరిగింది. కళ్లు తుడుచుకోలేదు.

"నా మాటకి ఆయన లేవరు మామయ్యగారూ, రోజూ వినేదే కదా. కానీ ఒక మాటుంది. దానికోసం మీ అబ్బాయి పుట్టినప్పట్నుంచీ కాచుకున్నారు. అత్తయ్య కాచుకుని కాచుకుని వెళ్లిపోయారు. ఆ మాట వినడానికైతే ఆయన ప్రాణం ఉగ్గబట్టుకునైనా మెలకువగా ఉంటారు."

"రేవంతా వింటుందే అమ్మాయ్" అన్నారాయన. చిన్నపిల్లాడిలా ఉంది గొంతు.

"వింటుంది."

గెంజోగారు లేచి నిలబడి, ఎందుకో బనీను సర్దుకున్నారు. తలమీది బూజు దులుపుకోబోయి మానేశారు. ఒకసారి భార్య ఫొటోకేసి, ఒకసారి మూతపెట్టిన గిన్నెకేసి చూశారు. ఫోన్ అందుకున్నారు.

"షింగో. మీ నాన్నని." దగ్గు. "అందరూ వినండి. నా గొట్టం గుంయ్‌మంటుంది. మొదట్నుంచీ అంటూనే ఉంది. నాకు తెలుసు. మీ చెవుల్లో గుబిలి లేదు. నిన్న మీరు హెచ్చరిక సరిగా వినకపోతే అది నా మూలానే. ఇనపకడ్డీ కొయ్యకుండా ఉండాల్సింది. షింగో, వింటున్నావురా? నువ్వు చెప్పిందే రైటు. నాది తప్పు."

గరగర. గరగర.

గుంయ్. పొడుగ్గా. ఒసాకా వీధి మొత్తం ఒక్కసారి వెలిగినంత పొడుగ్గా.

"నొక్కాడు! దొరికింది, దిక్కు దొరికింది! పెద్దాయనా, ఆపకండి! పడవ చేరేదాకా వాడిచేత నొక్కిస్తూనే ఉండాలి, మళ్లీ చెప్పండి!" కుమే కేక వేశాడు.

సుమియె మోకాళ్లమీద కూర్చుని గిన్నె మూత పట్టుకుంది. ఎత్తలేదు.

"మళ్లీనా?" అన్నారు గెంజోగారు దిక్కులు చూస్తూ. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు, గాజు ఊదేముందు పీల్చుకునేవారే, అలాగ.

"మళ్లీ చెబుతున్నా, వినరా. నాది తప్పు. వినబడిందా? నొక్కు. నాదే తప్పు."